‘తెర్మీనొ’ అనబోయి ‘తెర్మినో’ అన్న విద్యార్థి: ఒక స్పానిష్ కేస్ స్టడీ

‘ఈ రిపోర్టు ఎవరు పూర్తి చేస్తున్నారు?’ అని మీటింగులో అవతలివాళ్లు స్పానిష్‌లో అడిగారు. మా విద్యార్థి ధైర్యం చేసి, ఇంగ్లిష్ జోలికి పోకుండా, ‘తెర్మినో ఎల్ ఇన్ఫోర్మె’ అన్నారు. ఆయన చెప్పాలనుకున్నది ‘నేను పూర్తి చేస్తాను’ అని. వాళ్లకు వినపడింది ‘పూర్తి చేసేశాడు’ అని. ఎవరు చేశారో ఎక్కడ పెట్టారో తెలీక రెండు రోజులు ఫోల్డర్లన్నీ గాలించి, ఆఖరికి ఇంగ్లిష్‌లో మెయిల్ పెడితే గానీ సంగతి బయటపడలేదు. ఆ వారమే ఆయన నా దగ్గర చేరారు. మొదటి ప్రశ్న ‘మేడమ్, నా గ్రామర్ ఎక్కడ తప్పింది?’ అని. గ్రామర్ ఎక్కడా తప్పలేదు. చివరి ‘ఒ’ కాస్త సాగింది, అంతే.

ఈ కేసు రాయడానికి కారణం ఆ సాగదీతే. తెలుగువాళ్లకు స్పానిష్ చెప్పడం మొదలుపెట్టాక ఇదే తప్పు చాలామంది దగ్గర విన్నాను గానీ, దాన్ని మోడల్ క్రియల పాఠంతో కలిపి చెప్పొచ్చన్న ఆలోచన నాకు ఈయన వల్లే వచ్చింది. అంతకుముందు రెండూ వేరువేరు పాఠాలు. ఊనిక నియమాలు, అంటే మాటలో ఏ ముక్కను (సిలబుల్‌ను) నొక్కి పలకాలన్నవి, ఒక వారం, ‘చేయగలను, చేయాలి, చేయొచ్చు’ అనే క్రియలు ఇంకో నెలలో ఎప్పుడో.

మనిషి గురించి కొంచెం. నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాతృభాష తెలుగు, పని భాష ఇంగ్లిష్. క్లయింట్ టీమ్ అర్జెంటీనాలో, బ్యూనస్ ఐరిస్ వాళ్లు. దాదాపు ఏడాది పాటు ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజూ నేర్చుకున్నారు. మాటలు బాగానే తెలుసు, క్రియాపట్టికలు అడిగితే గడగడా అప్పజెప్తారు. కానీ ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు ‘కోమొ?’ అని మళ్లీ అడుగుతారు, అడిగిన ప్రతిసారీ ఈయనకు టెన్షన్ పెరిగి ఇంకా వేగంగా, ఇంకా ఫ్లాట్‌గా చెప్తారు. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు, 12 వారాలు అనుకున్నాం.

చెవికి తెలుసు, కంటికి తెలీదు

మొదటి క్లాసులో పట్టికలు పక్కన పెట్టేసి ఒక చిన్న పరీక్ష పెట్టాను. స్పానిష్‌లో ఒకే అక్షరాలతో మూడు మాటలున్నాయి. ఊనిక మొదటి ముక్క మీద పడితే ‘గడువు’ లేదా ‘పదం’ అని అర్థం, నడిమి ముక్క మీద పడితే ‘పూర్తి చేస్తాను’, చివరి ముక్క మీద పడితే ‘అతను పూర్తి చేశాడు’. వాటిని అటూ ఇటూ కలిపి పలికి, ఊనిక ఎక్కడుందో చెప్పమన్నాను. ఆయన చెప్పలేకపోయారు. ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అన్నారు. తెలుగులో ఊనిక మారితే అర్థం మారే జంటలు లేవు కాబట్టి ఆ ప్రశ్నే ఆయనకు పరాయిది.

సరే, విన్నది తెలుగులో రాయండి అన్నాను. ఊరికే, ఇంకేం తోచక. ఆయన రాసింది చూసి ఆగిపోయాను. మొదటిది ‘తేర్మినో’, రెండోది ‘తెర్మీనో’, మూడోది ‘తెర్మినో’. మూడూ తేడాగా, ఊనిక పడినచోటల్లా దీర్ఘం పెట్టి రాశారు. తేడా వినపడటం లేదన్న మనిషి తేడాను రాసి చూపించారు! స్పానిష్‌లో ఊనిక పడిన అచ్చు మిగతావాటి కంటే కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది, స్వరం మారుతుంది, కొంచెం గట్టిగానూ వస్తుంది. అందులో ‘ఎక్కువసేపు’ అన్నదాన్ని తెలుగు చెవి ఇట్టే పట్టేస్తుంది, ఎందుకంటే మనకు ‘పలక’కూ ‘పాలక’కూ తేడా అదే కదా. పైగా మన లిపిలో ‘ఎ, ఏ’ వేరు, ‘ఒ, ఓ’ వేరు. దేవనాగరిలో రాసుకునే హిందీవాళ్లకు ఈ సౌకర్యం లేదు.

కానీ ఆయన రాసినదాంట్లో ఒక లోపం ఉంది. మూడు మాటల్లోనూ చివర ‘నో’ అనే రాశారు. అసలు జబ్బు అక్కడుంది. తెలుగు మాట హ్రస్వ ‘ఒ’తో ముగియడం దాదాపు ఉండదు. బయటినుంచి వచ్చిన మాటల్ని కూడా ఫోటో, రేడియో, ఆటో అని దీర్ఘం చేసేసుకున్నాం. ‘పల్లె, మల్లె, గద్దె’ అంటాం కాబట్టి చివర హ్రస్వ ‘ఎ’ మనకు ఇబ్బంది కాదు, ‘ఒ’ దగ్గరే నాలుక అలవాటు కొద్దీ సాగుతుంది. స్పానిష్‌లో ‘నేను చేస్తాను’ రకం మాటలు ఎక్కువగా హ్రస్వ ‘ఒ’తో ముగుస్తాయి. ‘అతను చేశాడు’ రకం మాటలు, నియమబద్ధమైన క్రియల్లో ‘ఆర్’తో ముగిసేవైతే, ఊనిక ఉన్న ‘ఓ’తో ముగుస్తాయి. అంటే తెలుగు నోటి అలవాటు ‘నేను’ను ‘అతను’గా, చేయబోయేదాన్ని చేసేసినదిగా మార్చేస్తోంది. ‘ఆబ్లొ’ అంటే మాట్లాడతాను, ‘అబ్లో’ అంటే మాట్లాడాడు. ఈయన ఏడాదిగా తన గురించి చెప్పినవన్నీ ఎవరో మూడో మనిషి చేసినట్టు చెప్తూ వచ్చారు.

దీనికి మందు చాలా చిన్నది. ‘నొప్పి’ అనబోయి ‘నొ’ దగ్గర ఆపేయండి, ‘కొండ’ అనబోయి ‘కొ’ దగ్గర ఆపేయండి. వారం పాటు ఇదే. వింటే నవ్వొస్తుంది, పని చేసింది.

అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్త మాట వచ్చినప్పుడల్లా తెలుగు లిపిలో రాయాలి, మాట మొత్తానికి ఒక్కటే దీర్ఘం ఉండాలి, అది ఊనిక ఉన్నచోటే పడాలి. తెలుగులో ‘మామూలుగా’ అన్నట్టు వరసగా ఎన్ని దీర్ఘాలైనా వేసుకుంటాం, స్పానిష్‌లో మాటకు ఒక్కటే ఊనిక. మొదట్లో ఛందస్సులోలా గురువు లఘువు గుర్తులు పెడదామా అని కూడా ఆయన అడిగారు, చదువుకున్న రోజుల్లో బాగా వచ్చట. ఆలోచించి వద్దన్నాను. ఛందస్సులో సంయుక్తాక్షరం ముందున్న అక్షరం కూడా గురువే అయిపోతుంది, అది ఇక్కడ పనికిరాదు.

నియమం గురించి, క్లుప్తంగా

రాసిన మాట చూసి ఊనిక ఎక్కడో చెప్పడానికి స్పానిష్‌లో నియమం నిజంగానే సులువు, దీనికి ఇంగ్లిష్ పక్కన దండం పెట్టాలి. మాట అచ్చుతో గానీ ‘న్’తో గానీ ‘స్’తో గానీ ముగిస్తే చివరినుంచి రెండో ముక్క మీద. వేరే హల్లుతో ముగిస్తే చివరి ముక్క మీద. ఈ రెంటికీ లొంగని మాట అయితే ఊనిక ఉన్న అచ్చు నెత్తిన ‘తీల్దె’ అనే ఏటవాలు గీత పెడతారు. అంతే.

ఆ ‘న్’, ‘స్’లకే మినహాయింపు ఎందుకని ఆయన అడిగారు, మంచి ప్రశ్న. బహువచనానికి ‘స్’, క్రియలో ‘వాళ్లు’కు ‘న్’ చేరుతాయి. ‘ఆబ్ల’ అంటే అతను మాట్లాడతాడు, ‘ఆబ్లన్’ అంటే వాళ్లు మాట్లాడతారు. ఆ ‘న్’ చేరినంత మాత్రాన ఊనిక జరగకూడదు కదా. నియమం ఆ అవసరం చూసుకుంది. అలాగే ‘హోబెన్’, అంటే యువకుడు, గీత లేకుండా రాస్తారు. బహువచనం ‘హోబెనెస్’ అయ్యేసరికి ముక్క పెరిగి ఊనిక చివరినుంచి మూడోదైపోతుంది, గీత వస్తుంది. ‘కన్‌స్యోన్’, అంటే పాట, ఇక్కడ గీత ఉంటుంది, ‘కన్‌స్యోనెస్’లో పోతుంది. పలకడం మారలేదు, రాత మాత్రమే సర్దుకుంది. ఇది అర్థమైన రోజు ఆయన గీతల్ని బట్టీ పట్టడం మానేశారు.

ఇంగ్లిష్ నుంచి తెలిసిన మాటలే ఎక్కువ ఏడిపించాయి. తెలియని మాటకు నియమం వాడతారు, తెలిసిన మాటను ఇంగ్లిష్‌లా పలికేస్తారు. దొక్తోర్, అనిమాల్, ఒస్పితాల్, కొలోర్, అన్నీ హల్లుతో ముగుస్తాయి కాబట్టి ఊనిక చివర. ‘ప్రొబ్లేమ, సిస్తేమ’ నడుమ. ఇవి 12 వారాల తర్వాత కూడా పూర్తిగా పోలేదని ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఇ, ఉ అనే బలహీన అచ్చులు అ, ఎ, ఒ అనే బలమైన అచ్చుల పక్కన చేరితే రెండూ కలిసి ఒకే ముక్క అవుతాయి. ‘అకదేమ్య’లో చివరి రెండు అచ్చులూ ఒకే ముక్క. ఊనిక ఆ బలహీన అచ్చు మీదే పడితే విడిపోయి రెండు ముక్కలవుతాయి, గీత తప్పనిసరి. ‘పొలిసీయ’ అలాంటిదే. దీని అవసరం కాసేపట్లో మోడల్ క్రియల దగ్గర వస్తుంది.

పొదేస్

నాలుగో వారంలో ఆయన కొంచెం కోపంగా వచ్చారు. ‘మేడమ్, యాప్‌లో ప్వేదెస్ అని నేర్పారు, మీరూ అదే చెప్పారు. మా క్లయింట్ మేనేజర్ పొదేస్ అంటున్నాడు, త్యేనెస్ కె అనకుండా తెనేస్ కె అంటున్నాడు. ఎవరిది తప్పు?’

ఎవరిదీ కాదు. అర్జెంటీనా, ఉరుగ్వేల్లో ‘నువ్వు’ అనడానికి ‘తూ’ బదులు ‘బోస్’ వాడతారు, దానికి క్రియ రూపం వేరు, ఊనిక చివరికి పోతుంది. తూ ప్వేదెస్, బోస్ పొదేస్, రెండూ ‘నువ్వు చేయగలవు’ అనే. త్యేనెస్ కె, తెనేస్ కె, రెండూ ‘నువ్వు చేయాలి’ అనే. ఇది ఏదో మినహాయింపని చెప్పేసి ముందుకు పోదామనుకున్నాను. కానీ బోర్డు మీద రెండూ తెలుగులో పక్కపక్కన రాసేసరికి విషయం కళ్లముందు నిలబడింది. దీర్ఘం మొదటి ముక్కలో ఉంటే ‘ప్వే’, దీర్ఘం జరిగిపోతే ‘పొ’.

మిగతావి కూడా ఆయన చేతే రాయించాను. ప్వేదొ, ప్వేదెస్, ప్వేదె, ప్వేదెన్ ఒకవైపు. పొదేమొస్, పొదేస్, పొదేర్ ఇంకోవైపు. కోరుకోవడం అనే క్రియ కూడా ఇంతే. క్యేరొ, క్యేరెస్, క్యేరె, క్యేరెన్ అటు, కెరేమొస్, కెరేస్, కెరేర్ ఇటు. చాలా పాఠ్యపుస్తకాలు దీన్ని ‘అనియత క్రియ’ అని పెట్టె గీసి బట్టీ పట్టిస్తాయి. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. అనియతం ఏముంది ఇందులో? ఊనిక పడినచోట అచ్చు చీలింది, పడనిచోట చీలలేదు.

ఇది క్రియలకే పరిమితం కాదు. లాటిన్‌లోని హ్రస్వ ‘ఎ, ఒ’లు ఊనిక కింద స్పానిష్‌లో ‘యే, వే’లుగా చీలాయి. ‘ప్వేర్త’ అంటే తలుపు, ఆ తలుపు దగ్గర ఉండేవాడు ‘పొర్తేరొ’. ‘న్వేబె’ తొమ్మిది, ‘నొబేంత’ తొంభై. ‘స్యేతె’ ఏడు, ‘సెతేంత’ డెబ్భై. అంకెలు ఆయనకు ముందే వచ్చు కాబట్టి ఇవి చెప్పగానే ‘అరే’ అని కుర్చీలో వెనక్కి వాలారు. మరి ‘చేయాలి’ అని చెప్పే ‘దేబెర్’ అనే క్రియ ఎందుకు చీలదని వెంటనే అడిగారు, దేబొ, దేబెస్ అంటాం గానీ ‘ద్యేబొ’ అనం కదా అని. లాటిన్‌లో దాని మొదటి ‘ఏ’ దీర్ఘం, అందుకే చీలలేదు. పైగా నేను అక్కడికక్కడే పట్టుకున్నదేమిటంటే, ఆయన ‘దేబెర్’ అని రాశారు, నేను కూడా తొందరలో అలాగే పలికాను. నియమం ప్రకారం ‘ర్’తో ముగిసింది కాబట్టి అది ‘దెబేర్’. నేర్పేవాళ్లకూ నాలుక జారుతుంది.

ఒక హెచ్చరిక. ‘ప్వే’ ఒకే ముక్క. ‘పు-వే’ అని విడగొడితే మళ్లీ ముక్కల లెక్క తప్పుతుంది.

తెలుగు ఉండగా ఇంగ్లిష్ గుండా ఎందుకు?

ఇక మోడల్ క్రియల అర్థాలు. ఆయన రెండో ప్రమాదం ఇక్కడ జరిగింది. ఒక ఫైలు గురించి అవతలి జూనియర్‌కు ‘నువ్వు దాన్ని చెక్ చేయనక్కర్లేదు, నేను చూశాను’ అని సాయం చేయబోయి ‘నొ దేబెస్ రెబిసార్లొ’ అన్నారు. అది ‘చెక్ చేయకూడదు’. ఆ పిల్ల భయపడి ఫైలు మూసేసిందట. ఎందుకలా అన్నారని అడిగితే ఆయన మనసులో దారి ఇలా ఉంది: ముందు తెలుగులో అనుకుంటారు, దాన్ని ఇంగ్లిష్ చేస్తారు, ఇంగ్లిష్‌లో ‘మస్ట్’, ‘హ్యావ్ టు’ రెండూ ‘చేయాలి’యే కాబట్టి ఏదో ఒకటి తీసుకుని స్పానిష్ చేస్తారు, చివర్లో ‘కాదు’ తగిలిస్తారు. రెండుసార్లు బస్సు మారినట్టు. చేయకూడదు, చేయనక్కర్లేదు అని తెలుగులో శుభ్రంగా వేరే రూపాలున్నాయి, వాటిని వదిలేసి వెళ్తున్నారు.

అందుకని ఇంగ్లిష్ మొత్తం తీసేసి తెలుగునే ఆధారం చేసుకున్నాం. ఎంత బాగా కుదిరిందో చెప్పడానికి ఈత ఒక్కటి చాలు. ‘నాకు ఈత వచ్చు’ అంటే నేర్చుకున్న విద్య, స్పానిష్‌లో ‘సే నదార్’. ‘ఈదగలను’ అంటే ఇప్పుడు ఒంట్లో ఓపికుంది, చెయ్యి బాగుంది, ‘ప్వేదొ నదార్’. ‘ఇక్కడ ఈదొచ్చు’ అంటే అనుమతి ఉంది, ‘అకీ సె ప్వేదె నదార్’. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ ఒకే ‘క్యాన్’ సరిపెట్టేస్తారు కాబట్టి ఇంగ్లిష్‌వాళ్లు మొదటిదాంట్లో తరచూ తప్పుతారు. తెలుగువాళ్లు తప్పాల్సిన పనే లేదు. పైగా ‘సే’కు గీత ఉంది, ‘సె’కు లేదు, మన లిపిలో దీర్ఘం ఆ తేడాను ఉచితంగా చూపిస్తోంది.

‘చేయాలి’ దగ్గర మాత్రం తెలుగు మోసం చేస్తుంది. నేను చేయాలి, నువ్వు చేయాలి, వాళ్లు చేయాలి, మన ‘చేయాలి’ మనిషిని బట్టి మారదు. దాంతో ఆయన అన్నిటికీ ‘ఆయ్ కె’ వాడేసేవారు, అది ఎవరికీ అతకని ‘చేయాలి’. ‘ఆయ్ కె తెర్మినార్’ అంటే పని పూర్తి కావాలి, ఎవరు చేస్తారన్నది గాల్లో ఉంటుంది. మీటింగులో బాధ్యత తీసుకునే మాటకు అది పనికిరాదు. ‘తేంగొ కె’ అంటే నేను చేయాలి, ‘తెనేస్ కె’ అంటే నువ్వు చేయాలి. ఇక ‘చేయనక్కర్లేదు’కు ‘నొ తెనేస్ కె’ అనొచ్చు గానీ, అది సందర్భాన్ని బట్టి ‘చేయకు’ అన్నట్టు కూడా వినపడుతుంది. అందుకే నేను ‘నొ ఆసె ఫాల్త’ అనమంటాను, అచ్చం మన ‘అక్కర్లేదు’.

గతంలోకి వెళ్తే తెలుగు మళ్లీ చేయందిస్తుంది. స్పానిష్‌లో రెండు భూతకాలాలు, ఏది ఎప్పుడన్నది చాలామందికి తలనొప్పి. ‘వెళ్లాల్సి వచ్చింది’ అంటే వెళ్లారు, ఇష్టం లేకపోయినా వెళ్లారు, అది ‘తూబె కె ఈర్’. ‘వెళ్లాల్సింది’ అంటే బాధ్యత ఉంది, వెళ్లారో లేదో ఆ మాట చెప్పదు, అది ‘తెనీయ కె ఈర్’. ‘చేయలేకపోయాను’ అంటే ప్రయత్నించాను, కాలేదు, ‘నొ పూదె’. కోరుకోవడం క్రియకు ‘నొ కీసొ’ అంటే ఊరికే ఇష్టపడలేదని కాదు, ససేమిరా అన్నాడని. ఈ భాగం ఆయన ఒక్క క్లాసులో పట్టేశారు, నేను మూడు కేటాయించుకున్నాను.

‘దెబేర్ దె’ గురించి మాత్రం వారం వృథా చేశాను, ఒప్పుకోవాలి. ‘దేబె దె ఎస్తార్ ఎన్ఫేర్మొ’ అంటే ఒంట్లో బాలేకపోయి ఉంటుందన్న ఊహ. ‘దె’ లేకుండా ‘దేబె’ అంటే బాధ్యత. పుస్తకంలో ఇంత తేటగా ఉంటుంది, కానీ వాడుకలో జనం రెంటినీ కలిపేస్తారు, ఊహకు ‘దె’ లేకుండా చెప్పడాన్ని 1713లో పుట్టిన స్పానిష్ అకాడమీ కూడా ఒప్పుకుంటుంది. బాధ్యతకు మాత్రం ‘దె’ తగిలించొద్దంటుంది. కాబట్టి అన్నిచోట్లా ‘దె’ మానేస్తే తప్పు పడదు. ఇంతే చెప్పి వదిలేయాల్సింది.

‘సోలొ’ అనే మాట గీత గొడవ కూడా ఇలాంటిదే. ‘మాత్రమే’ అన్న అర్థంలో గీత అవసరం లేదని అకాడమీ 2010లో చెప్పింది, అర్థం తికమకయ్యే చోట రాసేవాళ్ల ఇష్టమని 2023లో మాట సర్దింది. రెండు రకాలుగానూ చూసి ఆయన ఒక క్లాసంతా దాని మీదే అడిగారు. పలకడం ఎలాగూ ఒకటే, నేను ఆపేయాల్సింది.

దీర్ఘం ఎదురుతిరిగింది

ఆరో వారంలో ఒక రికార్డింగ్ పంపారు. ఊనికలన్నీ సరైన చోటే ఉన్నాయి, కానీ వింటే పద్యం చదువుతున్నట్టుంది. పొదేేేమొస్, తెర్మినాాార్. ఎవరో మనిషిని ఊరడిస్తున్నట్టు. ఆయన టీమ్‌లో ఒకావిడ ‘బాగానే అర్థమవుతోంది, కానీ ఎందుకు అంత నెమ్మదిగా?’ అందట.

తప్పు నాది. దీర్ఘాన్ని గుర్తుగా వాడమన్నాను, ఆయన దాన్ని దీర్ఘంగానే పలికారు. స్పానిష్ ఊనికలో నిడివి ఒక భాగం మాత్రమే, తెలుగు దీర్ఘమంత సాగదు, స్వరంలో మార్పు దానికంటే ముఖ్యం. రెండు క్లాసులు దీన్ని విరవడానికే పోయాయి. బల్ల మీద వేలితో కొట్టమన్నాను, ఊనిక ముక్క దగ్గర గట్టిగా, మిగతాచోట్ల మెల్లగా, వేగం మాత్రం తగ్గకూడదు. తర్వాత అదే వాక్యాన్ని గుసగుసగా చెప్పించి మళ్లీ మామూలు గొంతుతో చెప్పించాను. మెల్లగా దీర్ఘం కుదించుకుపోయింది. ఇప్పుడు ఇంకొకరికి చెప్తే రెండో వారంలోనే వేలు మొదలుపెట్టిస్తాను. రాతలో దీర్ఘం ఉంటుంది, నోట్లో ఉండకూడదు.

దాని వెంటే ఇంకో తప్పు తలెత్తింది, ఇది మాత్రం నేర్చుకున్నందువల్ల వచ్చిన తప్పు. ‘అతను చేశాడు’ అంటే చివర ‘ఓ’ అని బాగా మనసులో పడిపోయి, ‘పుదో, తుబో’ అనడం మొదలుపెట్టారు. ‘పూదొ, తూబొ’ అనాలి. కొన్ని పాత క్రియలు భూతకాలంలో ఊనికను ధాతువు మీదే నిలుపుకుంటాయి, గీత ఉండదు. పూదె, పూదొ, తూబె, తూబొ, కీసె, కీసొ, సూపె, సూపొ. చూస్తే దాదాపు అన్నీ మన మోడల్ క్రియలే. బాగా అరిగిన నాణేలు కదా, కొత్త అచ్చు పడలేదు. ఈ జాబితాను మాత్రం బట్టీయే పట్టించాను, దీనికి దగ్గరి దారి లేదు.

భవిష్యత్తు సులువుగా పోయింది. ‘పొద్రే, పొద్రాస్, పొద్రా’, ఊనిక చివర, ఎందుకంటే ఆ చివరి ముక్కలు ఒకప్పుడు వేరే క్రియ, ‘ఉండు’ లాంటి సహాయక క్రియ ‘అబేర్’ రూపాలు, కాలక్రమంలో అతుక్కుపోయాయి. ఊనిక అక్కడికి పోయింది కాబట్టి ‘పొ’ చీలలేదు. ఆయనే చెప్పారు ఇది, నేను అడగకముందే.

మర్యాద ఇంకో కథ. తెలుగులో మర్యాద ‘మీరు’తో, ‘అండీ’తో వచ్చేస్తుంది. ఆయన ‘క్యేరొ’ అని అడుగుతుంటే ‘నాకు కావాలి’ అని బల్ల గుద్దినట్టుండేది, ఆయనేమో చాలా మెత్తటి మనిషి. స్పానిష్‌లో క్రియ రూపమే మెత్తబడాలి. ‘పొద్రీయ’ అంటే చేయగలరా అని వినయంగా, ‘కెరీయ’, ‘కిస్యేర’ అంటే కావాల్సి ఉందండీ అన్నట్టు. ఇక్కడ ‘పొద్రీయ’లో ఊనిక బలహీన అచ్చు ‘ఇ’ మీద పడి పక్క అచ్చు నుంచి విడిపోతుంది, ఇందాక పొలిసీయ దగ్గర చెప్పిన సంగతే. ‘కెరీయ’కూ ‘కెర్రీయ’కూ తేడా, మొదటిది ‘కావాల్సింది’, రెండోది ‘కోరుకుంటాను, వీలైతే’ లాంటిది, ఒక్క ‘ర్ర’ మాత్రమే. ఇంగ్లిష్ నోటికి ఇది నరకం. మనకు ‘కర్ర, గొర్రె’ అన్నంత సులువు, ఒక్కసారి చెప్తే అయిపోయింది.

12 వారాల తర్వాత

మొదటి రోజు చదివించిన నలభై మాటల చీటీనే మళ్లీ ఇచ్చాను. మొదటిసారి సగానికి పైగా తప్పులు, ఈసారి ఐదు, ఐదూ ఇంగ్లిష్ నుంచి తెలిసిన మాటలే. ‘దొక్తోర్’ను ఇప్పటికీ ‘దోక్తొర్’ అంటారు. చదివేటప్పుడు వచ్చిన ఊనిక మాట్లాడేటప్పుడు ఇంకా జారుతుంది, ముఖ్యంగా ఇద్దరి కంటే ఎక్కువమంది ఉన్న కాల్‌లో. ‘నువ్వు రావాలని కోరుకుంటున్నాను’ లాంటి వాక్యాలు ముట్టుకోనేలేదు, దానికి క్రియ ఇంకో రకం రూపంలోకి వెళ్లాలి, అది వచ్చే విడతకు. అర్జెంటీనావాళ్లతో మాట్లాడే మనిషికి ‘బోస్’ రూపాలు నాలుగో వారం దాకా చెప్పకపోవడం నా పొరపాటు, మొదటి రోజే అడిగి తెలుసుకోవాల్సింది ఎవరితో మాట్లాడతారని.

ఆఖరి క్లాసు అయ్యాక రెండు రోజులకు ఆయన తన టీమ్‌కు పంపిన ఒక వాయిస్ మెసేజ్ నాకూ ఫార్వర్డ్ చేశారు. ఆరేడు సెకన్లుంటుంది. ‘నొ పూదె తెర్మినార్లొ, పేరొ లొ తెర్మీనొ ఓయ్.’ పూర్తి చేయలేకపోయాను, కానీ ఇవాళ చేస్తాను. ‘తెర్మీనొ’లో చివరి ‘నొ’ నొప్పిలో ‘నొ’ అంతే ఉంది. కింద అవతలినుంచి ఒకే మాట జవాబు, ‘దాలె’, సరే కానివ్వండి అని. ఎవరు పూర్తి చేశారని ఎవరూ అడగలేదు.